మెట్లు కూడా హాల్లో భాగమే

మొన్నొక ఆదివారం పొద్దున బెంగళూరులో హెరిటేజ్ వాక్‌కి వెళ్ళాను. పాతికమందిమి ఉంటాం. సగం మంది ఐటీ వాళ్ళం, అందులో మళ్ళీ సగం తెలుగు వాళ్ళం. కె.ఆర్. మార్కెట్ నుంచి నడుచుకుంటూ వచ్చి టౌన్‌హాల్ ముందు ఆగాం. నడిపిస్తున్న అమ్మాయి బాగానే చెప్పింది. 1933లో నాల్వడి కృష్ణరాజ ఒడయార్ శంకుస్థాపన, 1935లో ప్రారంభం, అప్పటి దివాను మీర్జా ఇస్మాయిల్, ముందున్న ఎత్తైన స్తంభాలు, పాత గ్రీకు రోమన్ పద్ధతి, లోపల వెయ్యి పైచిలుకు సీట్లు. అందరం ఫొటోలు తీసుకున్నాం. "ఎనీ డౌట్స్?" అని అడిగింది. నేను చెయ్యెత్తాను. "ఈ మెట్ల మీద ఏం జరిగేదో చెప్పలేదు కదా" అన్నాను. ఆ అమ్మాయి కొంచెం ఇబ్బందిగా నవ్వి, "సార్, వాక్‌లో పాలిటిక్స్ వద్దనుకున్నాం" అంది.

నాకు ఆ అమ్మాయి మీద కోపం లేదు. పర్మిషన్ల బాధ తనకి ఉంటుంది. పక్కనున్న మావాళ్ళు "హమ్మయ్య" అన్నట్టు తలూపారు చూశారూ, దాని మీద కోపం. టౌన్‌హాల్ గురించి రాజకీయం లేకుండా మాట్లాడదామనుకోవడం, బావి గురించి నీళ్ళ ఊసు లేకుండా మాట్లాడటం లాంటిది. ఒరలు ఎంత బావున్నాయో, గిలక ఏ కాలం నాటిదో చెప్పుకుని ఇంటికి పోవచ్చు. దాహం మాత్రం తీరదు.

ఆ హాలు పూర్తి పేరు సర్ పుట్టణ్ణ చెట్టి టౌన్‌హాల్. పుట్టణ్ణ చెట్టి బెంగళూరు మున్సిపాలిటీకి అధ్యక్షుడిగా పనిచేసినాయన. కట్టింది రాజుల కాలంలో, పునాది రాయి వేసింది మహారాజు. అయినా గోడ మీద మిగిలింది ఒక మున్సిపల్ ప్రెసిడెంటు పేరు. ఇది చిన్న విషయం కాదు. రాజుకి ప్యాలెస్ ఉంది, దివానుకి కచేరీ ఉంది. ఊరికి కూడా ఒక గది కావాలి, పన్ను కట్టేవాడు వచ్చి కూర్చుని మాట్లాడే చోటు కావాలి అనే ఆలోచన ఆ పేరులో ఉంది. అప్పట్లో ఆ "పన్ను కట్టేవాడు" అంటే ఎవరు, ఎంతమంది, ఏ కులాల వాళ్ళు అని అడిగితే జవాబు గొప్పగా ఉండదని నాకూ తెలుసు. మన దేశంలో టౌన్‌హాళ్ళన్నీ పెద్దమనుషుల కోసం మొదలైనవే. కానీ మొదలైనట్టే ఉండిపోలేదు. అదే ఇక్కడ అసలు కథ.

ఐటీలో పనిచేసేవాళ్ళకి "టౌన్‌హాల్" అంటే ఇంకోటి గుర్తొస్తుంది. మూడు నెలలకోసారి కంపెనీ పెద్ద స్టేజీ ఎక్కి, లేదా స్క్రీన్ మీదకొచ్చి, అంతా బ్రహ్మాండంగా ఉందని చెప్పే మీటింగ్. ప్రశ్నలు ముందే పంపాలి. ఎవరో చదివి, వడగట్టి, నాలుగు ఎంచుతారు. "ఇంక్రిమెంట్లు ఎందుకు ఆగాయి?" అని నువ్వు రాసింది అక్కడికొచ్చేసరికి "వచ్చే ఏడాది మన ఎదుగుదలని మీరెలా చూస్తున్నారు?" అయిపోతుంది. చివర్లో చప్పట్లు. పదేళ్ళకి పైగా ఇలాంటి టౌన్‌హాళ్ళలో కూర్చున్నాను. నా గొడవంతా ఒక్కటే. ఊరి టౌన్‌హాల్‌ని కూడా మెల్లమెల్లగా కంపెనీ టౌన్‌హాల్‌లా మార్చేశారు, మనం ఫొటోలు తీసుకుంటున్నాం.

ఎలా మార్చారో వరసగా చెప్తాను.

టౌన్‌హాల్ లోపల ఏం జరిగినా, బెంగళూరులో మామూలు జనానికి ఆ పేరు చెప్తే గుర్తొచ్చేది ముందున్న మెట్లు. లోపలికి అద్దె కావాలి, బుకింగ్ కావాలి. మెట్లకి అక్కర్లేదు. ఒక అట్టముక్క, ఒక స్కెచ్ పెన్ను ఉంటే చాలు. 2017 జూన్ 28న, గోరక్షణ పేరుతో జరుగుతున్న హత్యలకి వ్యతిరేకంగా దేశమంతా "నాట్ ఇన్ మై నేమ్" అని జనం బయటికొచ్చినప్పుడు, బెంగళూరులో వాళ్ళు చేరింది ఇక్కడే. గిరీశ్ కర్నాడ్ కూడా వచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్ 5 రాత్రి గౌరీ లంకేశ్‌ని ఇంటి ముందు కాల్చి చంపారు. మర్నాడు ఆమె భౌతికకాయాన్ని చూడటానికి జనం పక్కనే ఉన్న రవీంద్ర కళాక్షేత్రకి వచ్చారు, నిరసనకి టౌన్‌హాల్ దగ్గరికి వచ్చారు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి బస్సెక్కి నేనూ వచ్చాను. కన్నడం అప్పటికి నాకు కూరగాయలు కొనేంతే వచ్చు. ఎవరో ముసలాయన పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చాడు. "ఎల్లిందా?" అన్నాడు, ఎక్కడ నుంచి అని. హిందూపురం అన్నాను. "మనవాళ్ళే" అన్నాడు తెలుగులో. నా పేరు అడగలేదు, ఏ సంఘమని అడగలేదు. ఒక ఊరు నన్ను లోపలికి రానిచ్చిందని అనిపించింది ఆ రోజే. నా ఆధార్ కార్డు మీద బెంగళూరు అడ్రసు అప్పటికే నాలుగేళ్ళ పాతది.

2019 డిసెంబర్ 19. పౌరసత్వ సవరణ చట్టం మీద దేశమంతా అలజడిగా ఉంది. బెంగళూరులో 144 సెక్షన్ పెట్టారు. ఆ రోజు టౌన్‌హాల్ దగ్గర చేతిలో పోస్టర్ పట్టుకుని మీడియాతో మాట్లాడుతున్న చరిత్రకారుడు రామచంద్ర గుహని పోలీసులు పట్టుకుపోయారు. ఆ వీడియో మీరు చూసే ఉంటారు. మూడు రోజుల తర్వాత ఆ చట్టానికి అనుకూలంగా కూడా టౌన్‌హాల్ దగ్గరే సభ జరిగింది. అక్కడ మాట్లాడిన మాటలు నాకు నచ్చలేదు. కానీ ఆ సభ అక్కడ జరగకూడదని నేను ఎప్పటికీ అనను. మెట్లు ఒక పక్షానివి కావు. అదే వాటి విలువ.

తర్వాతి సంగతి వినండి. 2020 ఫిబ్రవరి 13న కర్ణాటక హైకోర్టు ఆ 144 ఉత్తర్వు చట్టబద్ధం కాదని తేల్చింది. కోర్టు అలా అన్న రోజుల్లోనే, అంటే 2020 మొదట్లోనే, బెంగళూరు మహానగర పాలికె కౌన్సిల్ ఏం చేసింది? టౌన్‌హాల్ ముందు నిరసనలు చేయకూడదని తీర్మానించింది. మున్సిపల్ ప్రెసిడెంటు పేరున్న హాలు ముందు జనం నోరెత్తకూడదని చెప్పింది ప్రభుత్వం కాదు, పోలీసులు కాదు, జనం ఓట్లేసి ఎన్నుకున్న కార్పొరేటర్లు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఆ కౌన్సిల్ పదవీకాలం అయిపోయింది. మళ్ళీ ఎన్నికలు పెట్టలేదు. 2025లో పాలికెనే తీసేసి ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టేదాకా, ఐదేళ్ళ పాటు, కోటి మందికి పైగా ఉన్న ఊరికి ఎన్నికైన కౌన్సిలే లేదు. అధికారులే నడిపారు. మెట్లు ఖాళీ చేయించినవాళ్ళ కుర్చీలు కూడా ఆ తర్వాత ఖాళీ అయ్యాయి. "మా ఎన్నికలు మాకు పెట్టండి" అని వాళ్ళు ధర్నా చేద్దామనుకున్నా ఆ మెట్లు లేవు.

2021లో ఇంకో అడుగు పడింది. బెంగళూరులో నిరసనలకీ ఊరేగింపులకీ లైసెన్సు పద్ధతి పెడుతూ ఉత్తర్వు వచ్చింది. ఇక ఏం చేసుకున్నా ఫ్రీడమ్ పార్కులోనే. 2023లో ప్రభుత్వం మారింది, పద్ధతి మారలేదు. అధికారంలో ఎవరున్నా ఇలాంటి ఉత్తర్వు పనికొస్తుంది, అందుకే మారలేదు.

ఫ్రీడమ్ పార్క్ అంటే ఏంటో తెలుసు కదా. పాత సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీలని పెట్టింది అందులోనే. దాన్ని 2008లో పార్కు చేశారు. జైలుని పార్కు చేయడం మంచి పనే. కానీ ఊరి జనం గొంతెత్తాలంటే పాత జైలు గోడల మధ్యకెళ్ళి ఎత్తుకోమనడం, దానికి ఫ్రీడమ్ అని పేరుండటం, ఇది ఎవరైనా కథలో రాస్తే "మరీ ఇంత సూటిగానా" అని ఎడిటర్ కొట్టేస్తాడు.

ఇప్పుడు ఎదురు వాదనలు. మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర అన్నీ విన్నాను కాబట్టి ఒక్కోటీ తీసుకుంటాను.

మొదటిది ట్రాఫిక్. జె.సి. రోడ్డు ఊరికి గుండెలాంటిది, అక్కడ జనం చేరితే అంబులెన్సులు ఆగిపోతాయి అంటారు. అంబులెన్సు మాట నిజమైతే నేనే ముందు లేచి దారిస్తాను. కానీ ఆ రోడ్డు మీద ఎప్పుడైనా వెళ్ళారా? ఏ నిరసనా లేని మంగళవారం సాయంత్రం వెళ్ళి చూడండి. ఆటో స్పేర్ పార్టుల షాపుల ముందు రెండు వరసల పార్కింగ్, మార్కెట్‌కి వచ్చే టెంపోలు, కలాసిపాళ్యం వైపు తిరిగే ప్రైవేటు బస్సులు. రెండొందల మంది మెట్ల మీద నిలబడటం వల్ల ఆగిన ట్రాఫిక్ కాదది. మంత్రిగారి కాన్వాయ్‌కి ఆపుతారు, ఊరేగింపుకి ఆపుతారు, అప్పుడు ఎవరూ కోర్టుకి వెళ్ళరు. రోడ్డు మీద ర్యాలీ వేరు, దానికి పర్మిషన్ అడగండి, టైము పెట్టండి. మెట్ల మీద నిలబడటం వేరు. మెట్లు రోడ్డు కాదు. హాల్లో భాగం. హాలు జనానిది.

రెండోది ఆదాయం. బయట గొడవైతే లోపల ప్రోగ్రాములు పెట్టుకునేవాళ్ళు రారట, బుకింగ్‌లు పడిపోతాయట. ఇది నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే వాదన, ఎందుకంటే వినడానికి తెలివైనదిలా ఉంటుంది. వీధి దీపం నెలకి ఎంత సంపాదిస్తోందని మున్సిపాలిటీ లెక్క వేస్తుందా? పార్కులో బెంచీకి గంటకింత అని అడుగుతామా? హాలు నడవాలంటే డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. కరెంటు, ఏసీ, వాచ్‌మెన్ జీతం ఊరికే రావు. కానీ అది ఖర్చు. ఖర్చుని పన్నులోంచి పెట్టుకోవడానికే మున్సిపాలిటీ అనేది ఉంది. హాలు లాభానికి నడపాలంటే కళ్యాణమండపం వాళ్ళు ఇంకా బాగా నడుపుతారు, వాళ్ళకే ఇచ్చేయండి.

లోపలి సంగతి నాకు ఇంకో ఊళ్ళో బాగా తెలిసొచ్చింది. పేరు అనవసరం, మన సీమలోనే ఒక మున్సిపల్ హాలు. చనిపోయిన ఒక కథకుడి సంస్మరణ సభ పెడదామని నేనూ ఇద్దరు మిత్రులం వెళ్ళాం. అరవైమంది వస్తే ఎక్కువ. క్లర్కు రిజిస్టరు తిరగేసి, "ఆ తేదీ ఖాళీనే సార్" అన్నాడు. సంతోషపడ్డాం. "కానీ కన్‌ఫర్మ్ అనుకోవద్దు. పైనుంచి ఏదన్నా ప్రోగ్రాం పడితే మీది తీసేస్తాం. డిపాజిట్ వెనక్కి రావడానికి కొంచెం టైమ్ పడుతుంది" అన్నాడు. అద్దె విన్నాక మా మిత్రుడు బయటికొచ్చి, "రేయ్, ఈ డబ్బులతో ఆయన కథల పుస్తకం ఇంకో ముద్రణ వేయొచ్చురా" అన్నాడు. అద్దె తగ్గించాలంటే ఒక నాయకుడి లెటర్ తెమ్మన్నారు. తేలేదు. చివరికి ఒక ట్యూషన్ సెంటర్లో, పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని సభ చేసుకున్నాం. ఆ వారమంతా హాలు ఖాళీగానే ఉందని తర్వాత తెలిసింది.

అంటే లోపలికి డబ్బు, లెటర్. బయటకి లైసెన్సు. రెండు తలుపులూ ఒకే చేత్తో మూసినట్టు. లెటర్ తెచ్చేవాడు ఎటూ నాయకుడి మనిషే, లైసెన్సు తెచ్చేవాడు ఏం మాట్లాడతాడో ముందే రాసిచ్చినవాడే. కంపెనీ టౌన్‌హాల్ అంటే ఇదే కదా, వడగట్టిన ప్రశ్నలు.

మూడో వాదన నాకు దగ్గరివాళ్ళే చేస్తారు. "నువ్వు సాహిత్యం మనిషివి, ఈ ధర్నాల గోల నీకెందుకు?" అని. పైన నేను చెప్పిన పేర్లు మళ్ళీ చూడండి. కర్నాడ్ నాటకకర్త. గౌరి పత్రిక నడిపింది. గుహ చరిత్ర రాస్తాడు. మెట్ల దగ్గరికి వచ్చినవాళ్ళు, ఎవరి కోసం జనం వచ్చారో వాళ్ళు, రాసేవాళ్ళే. రాయడానికి టేబుల్ చాలు. రాసింది నిలబడాలంటే మాత్రం ఊళ్ళో ఎక్కడో ఒకచోట నలుగురు నిలబడే జాగా ఉండాలి.

నాలుగోది మనది, తెలుగు వాళ్ళది. "మన ఊరు కాదు, మన ఓటు ఇక్కడ లేదు, ఉద్యోగానికొచ్చాం, మనకెందుకు బాసూ." సరే, మన ఊరికే పోదాం. హైదరాబాద్‌లో అసెంబ్లీ పాత భవనం ఉంది కదా, తెల్లగా, గుమ్మటాలతో. అది టౌన్‌హాల్‌గా కట్టినది. ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా జనం చందాలేసుకున్నారు. 1905లో మొదలై 1913లో పూర్తయింది. చందాలిచ్చినవాళ్ళ మునిమనవలు ఇప్పుడు ఆ గేటు దాటాలంటే పాస్ కావాలి. శాసనసభ అయింది కాబట్టి గౌరవమే పెరిగింది అనొచ్చు. కానీ ఊరికి ఒక హాలు తగ్గింది, ఆ లోటు గురించి అడిగినవాళ్ళు నాకెవరూ తగల్లేదు. 2017లో ఇందిరా పార్కు దగ్గర ధర్నాచౌక్‌ని తీసేసి ఊరి బయటికి పొమ్మన్నప్పుడు కూడా వినిపించినవి ఇవే మాటలు: ట్రాఫిక్, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి ఇబ్బంది. అక్కడ జనం ఊరుకోలేదు. పోట్లాడారు, కోర్టుకెళ్ళారు, చౌక్‌ని మళ్ళీ తెచ్చుకున్నారు. కాబట్టి "ఏం చేయలేం" అనే మాట అబద్ధం. ఊరేదైనా మందు ఒకటే, రోగం కూడా ఒకటే.

మనమేం చేస్తున్నామో కూడా చెప్పుకోవాలి. సాహిత్య సభకి చోటు లేదని బాధపడి, కేఫెల్లో పెట్టుకుంటున్నాం. మనిషికి మూడొందల రూపాయల కాఫీ కూపన్. నేనూ పెట్టాను, నేనూ వెళ్ళాను. ఏసీ బావుంటుంది, మైకు బావుంటుంది, ఫొటోలు ఇంకా బావుంటాయి. కానీ ఆ గదిలోకి రాలేనివాడు ఎవడో మనకి ఎప్పటికీ తెలీదు, ఎందుకంటే వాడు రాలేదు కదా. మార్కెట్లో మూటలు మోసి కవిత్వం రాసే కుర్రాడు టౌన్‌హాల్ మెట్ల మీద నా పక్కన కూర్చోగలడు. కేఫెలో కూర్చోలేడు. మనం కేఫెకి పోయిన ప్రతిసారీ మున్సిపల్ హాలు మాకక్కర్లేదని ఒక సంతకం పెట్టినట్టే. జూమ్ గురించి చెప్పక్కర్లేదు, అందులో మ్యూట్ బటన్ ఇంకొకడి చేతిలో ఉంటుంది.

తిట్టి వదిలేస్తే నేనూ లంచ్ టేబుల్ దగ్గర మాట్లాడినట్టే అవుతుంది. అందుకని నాకు కావలసినవి చెప్తాను, ఏ ఊరి మున్సిపల్ హాలుకైనా పనికొస్తాయి. హాలు బుకింగ్ క్యాలెండర్ అందరికీ కనపడేలా పెట్టండి. సినిమా టికెట్ సీటు సీటుకి కనపడే రోజుల్లో హాలు ఏ రోజు ఖాళీయో క్లర్కుకి ఒక్కడికే ఎందుకు తెలియాలి? ఇది చేయడానికి నాలాంటి ఇద్దరికి రెండు వారాంతాలు చాలు, డబ్బు కూడా అక్కర్లేదు. ఒకసారి బుక్ అయిన సభని "పైనుంచి" వచ్చిన ప్రోగ్రాం కోసం తీసేయకూడదని రాసిపెట్టండి. టికెట్ పెట్టే కార్యక్రమానికి ఒక అద్దె, ప్రవేశం ఉచితమైన సభకి ఒక అద్దె పెట్టండి, రెండోది అరవైమంది చందాలేసుకుంటే వచ్చేంత ఉండాలి. వారంలో ఒక సాయంత్రం ఎవరి లెటరూ లేకుండా, ముందు అడిగినవాళ్ళకి ముందు అని ఇవ్వండి. మెట్లని హాల్లో భాగంగా లెక్కేయండి. ఎంతమంది పడతారో కొలిచి చెప్పండి, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ వరకో చెప్పండి, మైకు వద్దంటే వద్దనండి. కానీ ఏం మాట్లాడతారో అడక్కండి.

వీటిలో విప్లవం ఏమీ లేదు. ఒక మున్సిపాలిటీ మామూలుగా చేయాల్సిన పనులు. ఇవి అడగటానికే మనకి ఇబ్బందిగా ఉందంటే, ఊరు అనేది మనది అని అనుకోవడం ఎప్పుడో మానేశామన్నమాట.

ఆ ఆదివారం వాక్ అయిపోయాక అందరూ బ్రేక్‌ఫాస్ట్‌కి వెళ్ళారు. నేను వెనక్కొచ్చి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. నాతో పాటు ఇద్దరు కాలేజీ పిల్లలు రీల్ చేసుకుంటున్నారు, ఒకాయన పేపరు పరుచుకుని పడుకున్నాడు. పది నిమిషాలకి సెక్యూరిటీ అన్న వచ్చి, "ఇక్కడ కూర్చోకూడదు సార్" అన్నాడు. "ఎందుకన్నా?" అన్నాను. "తెలీదు సార్, రూల్" అన్నాడు. పడుకున్నాయన్ని కూడా లేపాడు. రీల్ చేసుకుంటున్న పిల్లల్ని మాత్రం ఏమీ అనలేదు.

ఈసారి ఎవరైనా ఆ మెట్ల ముందు ఫొటో దిగితే, అక్కడ ఒక్క నిమిషం కూర్చుని చూడండి. లేవమంటే, ఎందుకని అడగండి.